టక్కుమనే స్విచ్చి వెనుక కథ



విద్యుత్ శాఖలో ముప్పైమూడేళ్లు పనిచేసి రిటైరయిన నాకు, స్విచ్చి గురించి కొత్తగా తెలుసుకోవలసింది ఏముంటుంది అనుకొనేవాణ్ణి. 2018లో అమ్మాయి దగ్గరకు అమెరికా వెళ్లినప్పుడు ఆ గర్వం కాస్తా అణిగింది.

పక్కింటి పెద్దాయనకు 1976 నాటి మోటార్‌హోమ్ ఒకటుంది. మంచాలు, వంటగట్టు, స్నానాలగది అన్నీ ఉన్న, చక్రాల మీద ఇల్లు. ఇటువంటి బండ్లను అయోవా రాష్ట్రంలో విన్నెబాగో కంపెనీ 1966 నుండి తయారు చేస్తోంది. పెద్దాయన బండిలో దీపాలు, నీటి పంపు బ్యాటరీ మీద, అంటే 12 వోల్టుల డి.సి. మీద నడుస్తాయి. నలభై ఏళ్లు వాడిన పంపు స్విచ్చి వేడెక్కుతోందట.

“ఇంట్లో వాడే స్విచ్చి సరిపోతుందా మామయ్యగారూ?” అని అల్లుడు అడిగాడు.

“120 వోల్టులు ఆపే స్విచ్చికి 12 వోల్టులు ఒక లెక్కా? బిగించెయ్యండి” అనేశాను.

రాత్రి పడుకున్నాక లెక్క గుర్తొచ్చింది. 60 వాట్లకు 120 వోల్టుల వద్ద అర ఆంపియరు చాలు. 12 వోల్టులయితే 5 ఆంపియర్లు కావాలి. కాంటాక్టును వేడెక్కించేది వోల్టులు కాదు, ఆంపియర్లు. పైగా అది డి.సి.

ఇంటి దీపాలు వచ్చిన తొలిరోజుల్లో సరఫరా ఎక్కువగా డి.సి.యే. 1882లో ఎడిసన్ న్యూయార్కు పెర్ల్ స్ట్రీట్ నుండి ఇచ్చిందీ అదే. అప్పటి స్విచ్చిని నెమ్మదిగా తీస్తే లోహపు ముక్కల మధ్య నిప్పు సాగి అంచులు కాలిపోయేవి. 1884లో ఇంగ్లండులోని న్యూకాజిల్ వాసి జాన్ హెన్రీ హోమ్స్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. చెయ్యి ఎంత నిదానంగా కదిలినా, లోపలి స్ప్రింగు కాంటాక్టులను ఒక్కసారిగా విడదీస్తుంది. మన చిన్ననాటి నల్లని గుండ్రటి బేకలైటు స్విచ్చులు టక్కుమన్నది ఆ స్ప్రింగు వల్లనే.

తరువాత ఏ.సి. వ్యాపించింది. అందులో కరెంటు సెకనుకు మన దేశంలో 100 సార్లు, అమెరికాలో 120 సార్లు దానంతటదే సున్నాకు వస్తుంది కనుక నిప్పు ఆరిపోతుంది. అందుకే నేటి ఇంటి స్విచ్చులు చాలావరకు ఏ.సి.కి మాత్రమే పనికివస్తాయి. డి.సి.లో ఆ విరామం లేదు. పంపు మోటారును ఆపినప్పుడు నిప్పురవ్వ ఇంకా హెచ్చు.

తెల్లవారగానే వెళ్లి, నిన్న చెప్పింది తప్పని ఒప్పుకొన్నాను. బ్యాటరీ తీగ విప్పి స్విచ్చి తీసి చూస్తే, స్ప్రింగు సడలిపోయి, కాంటాక్టులు గుంటలు పడి ఉన్నాయి. తీగ మొన వదులై నల్లబడింది. ఆ వెనుక ఉన్నది ఎండిన చెక్క పలక! కాలిన మొన కత్తిరించి కొత్త టెర్మినల్ వేసి, 12 వోల్టుల డి.సి.కి 20 ఆంపియర్లు అని ముద్ర ఉన్న స్విచ్చి బిగించాము. ఫ్యూజు మాత్రం పాత లెక్కదే ఉంచాము.

మిత్రులారా, ఇప్పుడు మన డాబాల మీదకు సోలారు పలకలతో డి.సి. మళ్లీ వస్తోంది. పలకల వైపు స్విచ్చి మార్చవలసి వస్తే, తెలిసిన మనిషినే పిలిచి, దాని మీద డి.సి. వోల్టులు, ఆంపియర్లు చదివించండి. “ఏదైనా ఒకటేలే” అని మాత్రం అనకండి. ముప్పైమూడేళ్ల అనుభవంతో నేనన్న మాట అదే.