కాళ్ల నుంచి నాలుక దాకా

ఇంద్రియ నిగ్రహం గురించి చెప్పేవాళ్లు సాధారణంగా మనసు దగ్గర మొదలుపెడతారు. చాతుర్మాస్య వ్రతం మొదలైంది కాళ్ల దగ్గర. సన్యాసి ఎక్కడా పాతుకుపోకుండా తిరుగుతూనే ఉండాలి. వానాకాలంలో మాత్రం ఒకచోట నిలవాలని గౌతమ ధర్మసూత్రం నియమం పెట్టింది. తొలకరి పడితే నేలంతా పచ్చికే, ఆ పచ్చికలో పురుగూ పుట్రానే. నడిచే పాదం కింద ఎన్ని ప్రాణాలు పోతాయో! జైన మునులూ ఆ నాలుగు నెలలు కదలరు. తక్కిన సన్యాసులంతా ఆగిపోతే బౌద్ధ భిక్షువులు మాత్రం పచ్చిక తొక్కుతూ తిరుగుతున్నారని జనం తప్పుపట్టారనీ, అప్పుడు బుద్ధుడు తన సంఘానికీ వర్షావాసం విధించాడనీ వినయపిటకం చెబుతుంది. గుంటుపల్లి గుహల్లోకి, భీమిలి దారిలో తొట్లకొండ మీది గదుల్లోకి అడుగుపెడితే నాకు ముందు ఆ వానలే తోస్తాయి. బయట ముసురు, లోపల కదలకుండా కూర్చున్న మనిషి.

పీఠాధిపతులు నేటికీ ఆషాఢ పౌర్ణమినాడు వ్యాసపూజ చేసి దీక్ష పూనుతారు. పక్షాన్ని నెలగా లెక్కగట్టి భాద్రపద పౌర్ణమికి ముగిస్తారు. అంతవరకూ క్షౌరం ఉండదు, పొలిమేర దాటడం ఉండదు.

గృహస్థుకు ఆ దారి లేదు. వానాకాలమంటే అతనికి దుక్కీ, నారూ, నాట్లూ. కాళ్లు కట్టేసుకుంటే కుటుంబం తినేదేమిటి? అందుకే ఇంట్లోకి వచ్చేసరికి ఆ వ్రతం నాలుక మీదికి మారిందని నా నమ్మకం. తొలి ఏకాదశి నుంచి క్షీరాబ్ది ద్వాదశి దాకా మొదటి నెల శాకం, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పుధాన్యాలు విడిచిపెడతారు. మా ఇళ్లలో శాకమంటే ఆకుకూరలే. మాధ్వులు కూరగాయలన్నీ మానేస్తారు.

ఏకాదశి నుంచి ఏకాదశికి లెక్కేసే ఇంట్లో ఇదెంత కష్టమో పండగలప్పుడు తెలుస్తుంది. మా అమ్మమ్మది కోనసీమ. గోంగూర లేనిదే ముద్ద దిగని మనిషి. ఆషాఢంలో తొలి ఏకాదశి రాగానే అది ఆపేసేది. పెరుగు నెలలో మాకు గడ్డపెరుగు తోడుపెట్టి, తాను పల్చటి మజ్జిగ పోసుకునేది. దసరా పాల నెలలోనే వస్తుంది. పరమాన్నం కలిపి, అమ్మవారికి నైవేద్యం పెట్టి, మా విస్తళ్లలో వడ్డించి పక్కకు తప్పుకునేది. పొద్దుటి కాఫీ కూడా ఉండేది కాదు. దీపావళికి బూరెల్లో పూర్ణం సెనగపప్పుదే కాబట్టి అవీ లేవు, పోపులో మినపప్పయినా పడదు. వంట మాత్రం ఒక్కపూట ఆపలేదు. ఆ వాసనల మధ్యే నిలబడి మానడం నాకు చాలా పెద్ద సాధనగా కనిపిస్తుంది.

ఈ వరసలో ఒక తెలివి ఉంది. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత చేపను గురువుగా చెప్పుకుంటాడు. గాలానికి చిక్కింది దాని నాలుకే కదా. నిరాహారంతో తక్కిన ఇంద్రియాలు లొంగినా నాలుక ఇంకా చెలరేగుతుందని అక్కడే హెచ్చరిక. భోగాలకు దూరమైనా వాటి మీది రుచి పోదని గీత రెండో అధ్యాయం కూడా అంటుంది. చాతుర్మాస్యం ఈ చిక్కును పట్టుకుంది. కడుపు మాడ్చదు. ప్రతి నెలా తినడానికి సరిపడా ఉంటుంది, కోరిందే ఉండదు. మానిన పెరుగు నెల తిరగ్గానే విస్తట్లోకి వస్తుంది, ఈసారి పాలు వెళ్లిపోతాయి. దేనిమీదా ద్వేషం పుట్టే వ్యవధి లేదు, దేనికీ బానిసయ్యే వ్యవధీ లేదు. ఒంటిపూటలూ కఠినోపవాసాలూ చేసి ఇంట్లో అందరిమీదా కోపం చూపించేవాళ్లను చూశాక, ఈ పద్ధతి మీద నాకు గౌరవం పెరిగింది.

వచ్చే తొలి ఏకాదశికి నాలుగు నెలలూ పట్టనక్కర్లేదు. మీకు బాగా ఇష్టమైనదొకటి ఒక్క నెల మానండి. ఇంట్లోవాళ్లకు మాత్రం దాన్ని మీ చేత్తోనే వండి వడ్డించండి.