నీళ్లాడే దాకా నాట్లు: అది వ్యాయామమా, చాకిరా?



"మా తల్లులు నీళ్లాడే రోజు దాకా నాట్లేసిండ్రు. అందుకే కాన్పు అలకగ అయ్యేది." ఈ మాట మా మల్యాలలో ఎన్నోసార్లు విన్నాను. చదువుకున్న పిల్లలు కూడా ఇదే అంటుంటే చరిత్ర చెప్పక తప్పడం లేదు.

మొదట శాస్త్రం. వేరే ఇబ్బందుల్లేని గర్భిణి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. దానివల్ల గర్భిణిగా ఉన్నప్పుడు వచ్చే షుగరు, బీపీ ముప్పు తగ్గుతుంది. బిడ్డ బరువుకు నష్టం లేదు.

మరి నాట్లు? పుణె దగ్గరి ఆరు పల్లెల్లో గర్భిణుల మీద చేసిన అధ్యయనం 2003లో అచ్చయింది. పొలం పని, ఇంటి పని ఎక్కువైన తల్లులకు బిడ్డలు చిన్నగా పుట్టారని అందులో తేలింది.

రెండూ ఒంటి శ్రమే కదా, తేడా ఎక్కడ? వ్యాయామంలో అలిసిపోతే ఆగొచ్చు, ఆ తర్వాత తిండి, నిద్ర ఉంటాయి. కూలిలో ఆగితే ఆ పూట గంజి ఉండదు. వెట్టి కాలంలోనైతే ఆగే హక్కే లేదు. నాటి కాన్పుల్లో చనిపోయిన తల్లులు, పురిట్లోనే పోయిన బిడ్డలు ఇప్పుడు వచ్చి సాక్ష్యం చెప్పరు. బతికినవాళ్ల మాటే మనకు మిగిలింది.

ఆగే హక్కు కోసం కొట్లాడినవారిలో బాబాసాహెబ్ ఒకరు. 1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లును సమర్థిస్తూ, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలని వాదించారు. 1929లో అక్కడి ఫ్యాక్టరీ ఆడవాళ్లకు చట్టం వచ్చింది. 1943లో కార్మిక శాఖ సభ్యుడిగా గని కార్మికురాళ్ల ప్రసూతి చట్టానికి ఆయనే సవరణ తెచ్చారు. 1961 చట్టం ఇంకో మెట్టు. కాన్పు దగ్గరపడ్డ ఆడమనిషి అడిగితే కష్టమైన పని, ఎక్కువసేపు నిలబడే పని చెప్పకూడదంది. 2017లో సెలవు 26 వారాలైంది.

ఇందులో నాటు కూలికి వెళ్లే మాదిగ, మాల అక్కకు దక్కిందేంది? ఆమెకు యజమాని రోజుకొకడు. సెలవు ఎవరిని అడగాలి?

కోరుట్ల, సిరిసిల్ల దిక్కు బీడీలు చుట్టే అక్కల కథ వేరు. 1966 బీడీ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్లకూ ప్రసూతి హక్కు రాసింది. కానీ లెక్క తప్పితే కూలి కోత. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా కదలకుండా కూర్చోవాలి. ఒకరికి ఆగే వీలు లేదు, ఇంకొకరికి లేచి నడిచే వీలు లేదు.

ఇక "పని లేక ఆపరేషన్లు" అనే నింద. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. సర్కారు దవాఖానల్లో 44.5 శాతం, ప్రైవేటులో 81.5 శాతం. దవాఖాన మారితే లెక్క ఇంత మారుతోంది. మరి తప్పంతా ఆడపిల్ల బద్ధకానిదెలా అవుతుంది?

విద్యార్థి మిత్రులారా, గర్భిణికి నడక మంచిదే. అది చెప్పేటప్పుడు కూలి పోకుండా విశ్రాంతి, కడుపునిండా తిండి కూడా అడగండి. మీ వాడలో బీడీలు చుట్టే ఎందరికి ప్రసూతి డబ్బులు అందాయో లెక్క రాయండి. మన తల్లుల చాకిరిని వ్యాయామమని పొగిడితే, ఆ చాకిరి చేయించుకున్నవాళ్ల చేతులు కడిగినట్టే.

జై భీమ్.