ఉప్పులో దాచిన రహస్యం

సీజర్ సైఫర్ ప్రోగ్రాం మనలో చాలామంది కాలేజీ లాబ్ లో రాసే వుంటాం. ఒక్కో అక్షరం తీసేసి దాని తర్వాతి అక్షరం పెట్టడమే కదా! సరిగ్గా ఇదే పద్ధతిలో 12వ శతాబ్దంలో ఐరోపాలో ఎవరో ఒక రసాయన రహస్యాన్ని దాచారు. "మాపే క్లావికులా" అనే లాటిన్ చేతివృత్తుల గ్రంథం ప్రతిలో ఒక చోట మూడు మాటలు అర్థం కాకుండా వుంటాయి. అందులో ఒకటి టి-బి-ఎమ్-కె-టి. ఒక్కో అక్షరం వెనక్కి జరపండి (అప్పటి లాటిన్ లో జె అక్షరం లేదు, అది గుర్తుంచుకోవాలి). ఎస్-ఎ-ఎల్-ఐ-ఎస్ వస్తుంది. అంటే ఉప్పు!

ఇంతకీ ఆ రహస్యమేమిటంటే, ఘాటైన ద్రాక్షసారాయిలో ఉప్పు కలిపి మరగబెట్టి, ఆవిరి పట్టుకుంటే మండే నీళ్ళు వస్తాయని. నీళ్ళేమిటి, మండడమేమిటి? ఆ రోజుల్లో అది ఇంద్రజాలమే. (1992 నాటి దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం గుర్తున్నవాళ్ళు తిట్టకండి. ఈ టపా తాగడం గురించి కాదు.)

ఉప్పు ఎందుకు పనిచేస్తుంది? ఉప్పు అయాన్లకి ఆల్కహాల్ కంటే నీళ్ళంటేనే మక్కువ ఎక్కువ. చుట్టూ వున్న నీటి అణువుల్ని అంటిపెట్టుకుని కూర్చుంటాయి. దాంతో ఆల్కహాల్ కి పట్టు సడలి ఆవిరిలోకి ఎక్కువగా పోతుంది.

మరి వేడి ఒక్కటే చాలదా? నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరిగితే ఆల్కహాల్ 78.4 దగ్గరే మరుగుతుంది. మామూలు సారా బట్టీ ఈ తేడా మీదే నడుస్తుంది. కాకపోతే ఆ ఆవిరిని బాగా చల్లబరచాలి, లేకపోతే గాల్లో కలిసిపోతుంది. 13వ శతాబ్దంలో బొలోన్యా వైద్యుడు తాద్దేవో అల్దెరొత్తి చుట్టలు తిరిగిన గొట్టాన్ని నీళ్ళతో చల్లబరిచే పద్ధతి గురించి రాశాడు. వచ్చినదాన్నే మళ్ళీ మళ్ళీ మరగబెడితే ఇంకా చిక్కనవుతుందని కూడా.

అయితే ఈ లూప్ ఎప్పటికీ 100 శాతానికి చేరదు. బరువులో 95.6 శాతం ఆల్కహాల్ అయ్యేసరికి మిశ్రమమంతా ఒక్క పదార్థంలా 78.2 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పాత్రలో వున్న నిష్పత్తే ఆవిరిలోనూ వుంటుంది. మన భాషలో చెప్పాలంటే ఫిక్స్‌డ్ పాయింట్. ఇన్‌పుట్ ఎంతో అవుట్‌పుట్ అంతే. ఇంకో వెయ్యిసార్లు తిప్పినా ఫలితం మారదు.

ఇక్కడ మళ్ళీ ఉప్పే దిక్కయింది. అయితే మన వంటింటి ఉప్పు కాదు. ద్రాక్షసారాయి పీపాల అడుగున పేరుకున్న గట్టిని కాల్చితే వచ్చే పొటాషియం కార్బొనేట్. ఇదీ ఒక లవణమే. దీన్ని ఆల్కహాల్, నీళ్ళ మిశ్రమంలో దండిగా వేస్తే వేడితో పని లేకుండానే రెండు పొరలుగా విడిపోతుంది. కింద ఉప్పునీళ్ళు, పైన ఆల్కహాల్. వంటింటి ఉప్పుకి అంత శక్తి లేదు. లవణాల బలాబలాల్ని ప్రాగ్ లో హాఫ్‌మైస్టర్ కోడిగుడ్డు తెల్లసొన మీద పరీక్షించి 1888లో ఒక వరస కట్టాడు. అంతకు చాలా ముందే, 1796లో, సెంట్ పీటర్స్‌బర్గ్ లో లోవిట్జ్ నీళ్ళు లేని క్షారంతో ఆ చివరి నీటిని పట్టేసి, సన్నని వేడి మీద శుద్ధమైన ఆల్కహాల్ తీశాడు. 1902లో సిడ్నీ యంగ్ బెంజీన్ కలిపి అదే పని సాధించాడు. ఆ మొండి మిశ్రమానికి "అజియోట్రోప్" అని పేరు పెట్టింది 1911లో.

ఆ చివరి నాలుగు శాతం కోసం ఇంత గొడవెందుకు అంటారా? మీ బండి టాంకు కోసం! మన దేశంలో 2003 నుంచి పెట్రోల్ లో ఇథనాల్ కలుపుతున్నారు. 2025కి అది 20 శాతానికి చేరింది. ఆ ఇథనాల్ లో నీళ్ళు మిగిలితే, ఒక హద్దు దాటాక ఆల్కహాల్ పెట్రోల్ ని వదిలేసి నీళ్ళతో జట్టు కట్టి అడుగుకి చేరుతుంది. చలి పెరిగేకొద్దీ ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. అందుకే ఇప్పుడు ఫ్యాక్టరీల్లో జియోలైట్ గుళికల గుండా పంపి నీళ్ళు లాగేస్తారు.

చివరగా నా గోల ఒకటి. ఉప్పు కిటుకు దాచిన మనిషి పేరు ఇవాళ ఎవరికీ తెలియదు. ఆ సైఫర్ ని 19వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్తెలో విప్పి చెప్పాడు, అప్పటికి ఆ కిటుకుతో ఎవరికీ అవసరం లేదు. గొట్టం సంగతి విప్పి రాసిన అల్దెరొత్తిని మాత్రం ఏడొందల ఏళ్ళ తర్వాత కూడా పేరు పెట్టి తలుచుకుంటున్నాం. మన ఆఫీసుల్లో కూడా "ఈ మాడ్యూల్ నాకొక్కడికే తెలుసు" అని మురిసిపోయేవాళ్ళుంటారు. ఎవరి పేరు నిలుస్తుందో ఆలోచించుకోండి మరి!