గాలి కూల్చినదా? నీరు కూల్చినదా?

తుఫాను అన్న మాట మన సర్కారు జిల్లాల వారికి క్రొత్త కాదు. 1864లో బందరును ముంచిన ఉప్పెనను గూర్చి తాతలు చెప్పగా విన్నాము. 1977 నాటి దివిసీమ ఉప్పెనను కన్నులార చూచినవారు ఇంకను మన మధ్యనే ఉన్నారు. తాటాకు ఇల్లు కూలినచో మరల తాటాకు కప్పుకొనుటయే గాని, పోయిన యింటి వెలను ఎవరో యొకరు చెల్లింతురన్న తలంపు ఆ పల్లెలలో లేదు.

ఆ తలంపు మీదనే గృహస్థు జీవితము నడచు సీమ యొకటి కలదు. అది అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రము. అచట బ్యాంకు అప్పుతో ఇల్లు కొనదలచినవాడు ఆ యింటికి బీమా చేయించి తీరవలెను. బీమా లేనిదే అప్పు లేదు. అప్పు లేనిదే పెక్కుమందికి ఇల్లు లేదు. కనుక ప్రీమియము పెరిగినదన్న వార్త ఆ యిండ్లలో, మన యింట బియ్యము ధర పెరిగినదన్న వార్త వంటిది.

1992 ఆగస్టు 24వ తేదీ తెల్లవారుజామున ఆండ్రూ అను తుఫాను మయామికి దక్షిణముననున్న హోమ్‌స్టెడ్ పట్టణముపై విరుచుకుపడినది. 25 వేలకు పైగా ఇండ్లు నేలమట్టమయ్యెను. అది ప్రధానముగా గాలి చేసిన విధ్వంసము. శిథిలములను పరిశీలించినవారికి చిత్రమైన సంగతులు కనబడినవి: కొన్ని యిండ్ల కప్పు చెక్కలను మేకులతో గాక సన్నని తీగ కొక్కెములతో బిగించిరి, వానిలో కొన్ని దూలమునకు తగులనే లేదు!

బీమా సంస్థలు చెల్లించవలసి వచ్చిన సొమ్ము సుమారు 1,500 కోట్ల డాలర్లు. పదకొండు సంస్థలు దివాలా తీసినవి. అంతకుముందు కొన్ని దశాబ్దములు ఆ తీరమున పెద్ద గాలివానలు అరుదు. ఆ ప్రశాంత కాలపు లెక్కలను చూచి ప్రీమియములు కట్టిరి. సముద్రము నిద్రించిన కాలమును కొలిచి అది మేల్కొననే మేల్కొనదనుకొనుట వారి పొరపాటని మా అభిప్రాయము.

మిగిలిన సంస్థలు రాష్ట్రమును వదలజూచినవి. ప్రభుత్వము 1993లో పాలసీల రద్దుకు అడ్డుకట్ట వేసి, బీమా సంస్థలకే ధీమానిచ్చు నిధినొకదానిని నెలకొల్పినది. 2002లో, ఎవరును బీమా ఇయ్యని యిండ్ల కొరకు సిటిజన్స్ అను సంస్థ ఏర్పడెను. కడపటి దిక్కుగా పుట్టిన ఈ సంస్థ పాలసీలు 2023లో 13 లక్షలు మించినవి! దానికి లోటు వచ్చినచో ఇతరుల పాలసీలపై సుంకము వేయుదురు. 2004, 2005 తుఫానుల పిమ్మట, ఇంటి పెంకు కూడ కదలని వాడు తన మోటారు కారు బీమాతో పాటు ఈ సుంకమును చెల్లించెను. ఇది న్యాయమా అని వాడు అడిగినచో మేము తప్పు పట్టము.

పాలసీ స్వరూపమును మారినది. పూర్వము నష్టములో గృహస్థు భరించు భాగము కొద్దిపాటి స్థిరమైన మొత్తము. ఆండ్రూ తరువాత తుఫాను నష్టమునకు అది ఇంటి బీమా విలువలో నూటికి ఇంత అని అయినది. మూడు లక్షల డాలర్ల యింటికి నూటికి రెండు చొప్పున అయినను, మొదటి ఆరువేల డాలర్లు యజమానివే.

అన్నిటికంటె చిక్కు వరదది. సాధారణ గృహ బీమాలో వరద చేరదు. దానికి 1968లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన వేరు పథకము కలదు. 2005లో కత్రినా తుఫానుకు మిసిసిపీ తీరమున అనేక గృహములకు పునాది పలక మాత్రమే మిగిలినది. దానిని గాలి కూల్చినదా, ఉప్పెన కూల్చినదా? గాలియైనచో సంస్థ చెల్లించును. నీరైనచో, వరద పాలసీ లేనివానికి శూన్యహస్తము. సాక్ష్యము చెప్పవలసిన గోడలే లేవు. ఆ వివాదములు న్యాయస్థానములలో ఏండ్ల తరబడి నడచినవి. మన దేశమున 2021 ఏప్రిల్‌లో వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో గాలివానయు వరదయు ఒకే పత్రమున ఉన్నవి.

2002లో ఫ్లారిడా అంతటికిని ఒకే గృహనిర్మాణ నియమావళి అమలులోనికి వచ్చినది. 2004లో చార్లీ తుఫాను వీచినపుడు క్రొత్త నియమముల ననుసరించి కట్టిన యిండ్లు పాతవానికంటె బాగుగ నిలిచినవి. గట్టి కప్పు గల యింటికి ప్రీమియములో తగ్గింపు ఇయ్యవలెనని అచటి చట్టము. అందులకై నేడు తనిఖీదారుడు అటక ఎక్కి, దీపము వేసి, కప్పు చెక్కకును దూలమునకును నడుమ మేకు ఎంత పొడవున్నదో, మేకుకు మేకుకు ఎన్ని అంగుళముల ఎడమున్నదో కొలిచి వ్రాసికొని పోవును.