ఆ ‘మైనస్ రెండు’ ఎక్కడిది?

సీసీఎన్‌ఏ పరీక్షకు చదివేవాళ్లకు సబ్‌నెట్టింగ్‌లో కొరుకుడు పడనిది బైనరీ కాదు, ‘మైనస్ రెండు’. హోస్టుల లెక్కలో రెండు తీసెయ్యాలి, సరే. సబ్‌నెట్ల లెక్కలోనూ తియ్యమంటుంది పాత పుస్తకం, అక్కర్లేదంటుంది కొత్తది. నిజానికి రెండూ తప్పు చెప్పడం లేదు.

1981లో ఐపీ అడ్రసులను తరగతులుగా విడగొట్టారు. క్లాస్ ఏ దక్కిన సంస్థకు కోటీ 67 లక్షల పైచిలుకు హోస్టులు, క్లాస్ బీకి 65,534, క్లాస్ సీకి 254. ఇంతలో ఈథర్‌నెట్ వ్యాపించి, పెద్ద యూనివర్సిటీల్లో ఒక్కో క్యాంపస్‌లోనే బోలెడు లాన్‌లు వెలిశాయి. ప్రతిదానికీ విడి నెట్‌వర్క్ నంబరిస్తే, ఊరూపేరూ తెలియని గేట్‌వేలు కూడా ఆ చిట్టా అంతా మోయాలి.

1984 అక్టోబరులో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జెఫ్రీ మోగుల్ ఆర్‌ఎఫ్‌సీ 917 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో దారి చూపాడు. బయటికి ఒక్కటే నంబరు; లోపల హోస్టు బిట్లలో కొన్నిటిని సబ్‌నెట్లకు వాడుకోవచ్చు. పోటీ ప్రతిపాదనలూ వచ్చాయి. చివరికి 1985 ఆగస్టులో మోగుల్, జాన్ పోస్టెల్ కలిసి రాసిన ఆర్‌ఎఫ్‌సీ 950 ప్రమాణమైంది. ఎన్ని బిట్లన్నది మాస్క్ చెబుతుంది. మాస్క్‌లో ఒకట్లు వరుసగా ఉండాలన్నది అందులో సిఫారసే, నిర్బంధం కాదు. అలాగే సాగి ఉంటే మన పరీక్షల గతేమయ్యేదో!

అడ్రసులో ఒక భాగంలో బిట్లు అన్నీ సున్నాలంటే ‘ఈ నెట్‌వర్క్’, అన్నీ ఒకట్లంటే ‘అందరికీ’. ఈ అర్థాలను సబ్‌నెట్ భాగానికీ వర్తింపజేశారు. అందుకే ఆరు బిట్లకు 64 కాదు, 62 సబ్‌నెట్లే. ఆ జాగ్రత్తకు అప్పట్లో పనుంది. రిప్ మొదటి వెర్షన్ లాంటి ప్రోటోకాల్స్ రూటుతోపాటు మాస్క్ పంపవు. 172.16.0.0 అని వస్తే అది మొత్తం నెట్‌వర్కా, మొదటి సబ్‌నెట్టా? తెలిసే దారి లేదు.

1993లో సీఐడీఆర్ అనే రూటింగ్ పద్ధతి తరగతులనే ఎత్తేసింది. ప్రతి రూటు వెంట ప్రిఫిక్స్ పొడవు వెళ్తుంది కనుక /16, /22 తేడా ఇట్టే తెలుస్తుంది. ఆ రెండు సబ్‌నెట్లను వదిలెయ్యడం కాలం చెల్లిన పద్ధతని 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1878 తేల్చేసింది. సిస్కో ఐఓఎస్ 12.0 నుంచి సున్నా సబ్‌నెట్ వాడకం డిఫాల్ట్ అయింది.

హోస్టుల్లో మాత్రం ఆ రెండూ నిలిచాయి, లాన్‌లో బ్రాడ్‌కాస్ట్ అడ్రసుతో ఇంకా పనుంది కాబట్టి. రెండు రూటర్ల మధ్య లింకులో ఆ పనీ లేదు. అక్కడ /31 వాడి రెండు అడ్రసులనూ హోస్టులకే ఇవ్వొచ్చని 2000లో ఆర్‌ఎఫ్‌సీ 3021 ఒప్పుకుంది.