కృప అనే మాట: కోలారు గనుల ఊళ్లలో దాని అర్థం

కృప అనే మాట తెలుగువాళ్లకు కొత్తది కాదు. ఇన్లాండు లెటర్ల కాలంలో "భగవంతుని కృపవల్ల ఇక్కడ అందరం క్షేమం" అని రాయనిదే ఉత్తరం ముందుకు సాగేది కాదు. అయితే మన క్రైస్తవ ఇళ్లలో ఈ మాటకు ప్రత్యేకమైన అర్థం ఒకటి ఉంది. క్రిస్మస్‌కు పక్కింటివాళ్లు పిలిస్తే వెళ్లి కేకు తిని వచ్చే మనలో చాలామందికి ఆ అర్థం తెలియదు. తెలుగు బైబిలు ఇంట్లో పెట్టుకుని ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు కూడా ఈ మాట దగ్గర ఆగి, పెద్దవాళ్లను అడుగుతున్నారు. ఎవరినీ ఏ మతంవైపూ లాగడానికి రాస్తున్నది కాదు ఇది. ఒకే లైనులో, ఒకే కొళాయి దగ్గర తరాల తరబడి బతికినవాళ్లం, ఒకరి నమ్మకం ఒకరు తెలుసుకోవాలని రాస్తున్నాం.

ముందు అర్థం చెప్పుకుందాం. శిక్ష పడవలసినవాడికి శిక్ష తగ్గిస్తే అది కనికరం. చేసిన తప్పును లెక్కలోంచి తీసేస్తే అది క్షమ. కృప ఈ రెండింటినీ దాటి ఇంకో అడుగు వేస్తుంది. అర్హత ఏమీ లేనివాడికి, అడగకముందే, తిరిగి ఇవ్వలేడని తెలిసి కూడా మేలు చేయడం కృప. దేవుడు మనిషిని అతని మంచితనం చూసి ప్రేమించడని, మనిషి ఇంకా తప్పులోనే ఉండగా ప్రేమిస్తాడని క్రైస్తవుల విశ్వాసం. యేసు సిలువ మరణాన్ని వాళ్లు ఆ ప్రేమకు రుజువుగా చూస్తారు. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో అయిదో అధ్యాయం చెప్పేది ఇదే. మంచివాళ్లకోసం ప్రాణమిచ్చేవాళ్లు ఎక్కడో ఒకరు దొరకవచ్చు, చెడ్డవాళ్లకోసం ఎవరిస్తారు అని అక్కడ ఆయన వాదన.

కొత్త నిబంధన గ్రీకులో ఈ మాట ఖారిస్. పాత నిబంధన హీబ్రూలో హెసెద్ అనే మాట ఉంది, మాట తప్పని ప్రేమ అని దాని భావం. 136వ కీర్తనలో 26 వచనాలుంటే ప్రతి వచనం చివరా అదే మాట వస్తుంది. తెలుగు బైబిలు ఈ రెండు మాటలకూ కృప అనే రాసింది. మన ఊళ్లలో ఇది ఇంకా కలగాపులగం. తమిళ ప్రొటెస్టెంట్లు కిరుబై అంటారు, తమిళ కాథలిక్కులు అరుళ్ అంటారు, కన్నడంలో కృపె, తెలుగు కాథలిక్కుల ప్రార్థనలో వరప్రసాదం. అన్నీ ఒకటే. తెలుగులో సువార్తలు మొదట అచ్చయింది 1812లో, శ్రీరాంపూరులో. విశాఖపట్నంలో ఉన్న దెగ్రాంజ్ అనే మిషనరీకి ఆ అనువాదంలో తోడు నిలిచింది ఆనందరాయరు అనే తెలుగు పండితుడు. అప్పటికే మన భక్తి సాహిత్యంలో నలిగిన మాటను అలాగే తీసుకున్నారు, కొత్త పదం పుట్టించలేదు. అది మంచి పని అని మా అభిప్రాయం. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో బాప్తిస్మం తీసుకున్న పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు ఇవాళ్టికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉండి, జనం నోట నిలవడానికి ఈ పాత మాటలే ఒక కారణం.

ఇక గనుల ఊరివాళ్లకు బాగా తగిలే కథ మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ఉంది. ఒక ద్రాక్షతోట యజమాని తెల్లవారుజామున కూలీలను పనికి పెడతాడు, రోజుకు ఒక దేనారం అని బేరం. తొమ్మిదింటికి కొందరిని, మధ్యాహ్నం కొందరిని, చివరికి సాయంత్రం అయిదింటికి ఇంకా సంతలో నిలబడి ఉన్నవాళ్లను కూడా పనికి పిలుస్తాడు. బటవాడా సమయానికి చివర వచ్చినవాళ్లకు ముందు చెల్లించమంటాడు. వాళ్లకు ఒక దేనారం. పొద్దుటినుంచి ఎండలో మాడినవాళ్లకూ ఒక దేనారమే. వాళ్లు గొడవపడతారు. మీతో ఒప్పుకున్నది ఇచ్చాను కదా, నా సొమ్ముతో నేను మంచిగా ఉంటే మీకేమిటి అని యజమాని అడుగుతాడు.

మస్టరు, షిఫ్టు, ఓవర్‌టైము, జీతాల పట్టీ చూసి బతికిన మనకు ఈ కథ రుచించదు. రుచించకూడదు కూడా! ఏ గుమాస్తా అయినా ఇలా చెల్లిస్తే మర్నాడే ఆడిట్లో దొరికిపోతాడు. యూనియన్ గేటు దగ్గర జెండా పాతుతుంది. కథలో విషయం అదే. జీతం అనేది పని చేసినవాడికి బాకీ, అది ఇవ్వడంలో దయ ఏమీ లేదు. కృప బాకీ కాదు. పౌలు కూడా రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో సరిగ్గా జీతం, దానం అనే తేడాతోనే దీన్ని వివరించాడు. ఒక చిన్న సంగతి చాలామంది ప్రసంగీకులు దాటేస్తారు. సాయంత్రం అయిదు దాకా సంతలో నిలబడ్డవాళ్లు సోమరులని కథ చెప్పదు. ఎందుకు ఖాళీగా ఉన్నారంటే, మమ్మల్ని ఎవరూ పనికి పెట్టుకోలేదని వాళ్లే జవాబిస్తారు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక, తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి పనికోసం బెంగళూరు వెళ్లిన మనవాళ్లకు ఆ జవాబు అర్థం చెప్పనక్కర్లేదు.

గనులకూ ఈ బోధకూ ఇంకో ముడి ఉంది. 1739లో ఇంగ్లండులోని బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ బొగ్గుగని కార్మికులకు జార్జ్ వైట్‌ఫీల్డ్, ఆయన వెనుక జాన్ వెస్లీ ఆరుబయట ప్రసంగించడం మొదలుపెట్టారు. అప్పటికి ఆ కార్మికులను గుడిలో మర్యాదస్తుల పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లు లేరు. మసి పట్టిన ముఖాలమీద కన్నీళ్లు తెల్లటి చారలు కట్టాయని వైట్‌ఫీల్డ్ రాసుకున్నాడు. (మన రైలు ఆగే వైట్‌ఫీల్డ్ స్టేషనుకూ ఈయనకూ సంబంధం లేదు. ఆ ఊరికి పేరు డి. ఎస్. వైట్ అనే ఆంగ్లో ఇండియన్ నాయకుడి వల్ల వచ్చింది.) మనిషి దేవుణ్ణి వెతకకముందే కృప అతణ్ణి వెతుక్కుంటూ వస్తుందని వెస్లీ బోధ. ఆ బోధ కార్న్‌వాల్ తగరం, రాగి గనుల్లో ఇంటింటికీ పాకింది. ఆ గనులు దెబ్బతిన్నాక అక్కడి పనివాళ్లు ప్రపంచమంతా చెల్లాచెదురయ్యారు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ ఇక్కడ పని చేపట్టినప్పుడు కొందరు కోలారుకూ వచ్చారు. వాళ్లతోపాటు వాళ్ల మెథడిస్టు ప్రార్థనలూ వచ్చాయి. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ దొరలకు పెంకుల బంగళాలు, మన తాతలకు తట్టి గుడిసెలు. అందరూ ఒకే కృపకు పాత్రులని ఆదివారం పాడినవాళ్లే సోమవారం షాఫ్టు దగ్గర మనిషిని రంగుబట్టి వేరుగా చూశారు.

కోలారు పట్టణంలో మిషను పని గనులకంటే ముందుది. 1876-78 కరువులో మైసూరు సంస్థానంలో దాదాపు పది లక్షలమంది చనిపోయారు, కోలారు ప్రాంతం బాగా దెబ్బతిన్నది. ఆ రోజుల్లో మిస్ ఆన్‌స్టే అనే ఆంగ్లేయురాలు కోలారులో కరువు అనాథలను చేరదీసి పెంచింది. 1890లో ఆమె తన పనిని అమెరికా మెథడిస్టు మిషనుకు అప్పగించింది. మనందరికీ తెలిసిన ఈ.టి.సి.ఎం. ఆసుపత్రి ఆ మిషను స్థాపించినదే.

అదే కరువులో ఒంగోలులో జరిగింది తెలుగు క్రైస్తవ చరిత్రలో పెద్ద ఘట్టం, కృప గురించి కష్టమైన ప్రశ్న కూడా. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని, కూలి ఇప్పించాడు. వేలమంది బాప్తిస్మం అడిగారు. అన్నంకోసం చేరారన్న మాట రాకూడదని ఆయన కరువు పనులు సాగినంతకాలం ఇవ్వలేదు. ఆ పని ముగిశాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. అంతకు ముందు ఒంగోలు వచ్చిన తొలిరోజుల్లో, మాదిగలను చేర్చుకుంటే మేము రామని పైకులాల వాళ్లు ఆయనతో చెప్పారు. ఏం చేయాలో తెలియక ఆయనా ఆయన భార్యా వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కనబడిందని ఆయన ఆత్మకథలో ఉంది. లోకం నీచమనుకున్నవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. వాళ్లు మాదిగలతోనే నిలబడ్డారు.

అర్హత చూడని కృప అంటూనే బాప్తిస్మానికి నిబంధన పెట్టడం ఏమిటని అడగవచ్చు. మా దృష్టిలో క్లో దేవుని కృపకు గేటు పెట్టలేదు, తన చేతిలో ఉన్న కూలిడబ్బును దానికి దూరంగా ఉంచాడు. అయినా సంఘాల నియమాలు ఒక్కోసారి నిజంగానే గేట్లయ్యాయని చరిత్ర తెలిసినవాళ్లు ఒప్పుకుంటారు. కొన్నిచోట్ల చర్చిలో కూర్చోవడంలోనూ సమాధుల తోటలోనూ కులం పాటించారు. అది వాళ్ల సొంత గ్రంథానికే ఎదురు.

హిందూ కుటుంబాల పాఠకులకు ఈ చర్చ కొత్తగా అనిపించదు. శ్రీవైష్ణవంలో తెంగలైవారు మార్జాల కిశోర న్యాయం చెబుతారు, పిల్లి తన కూనను నోట కరుచుకుని పోతుంది, కూన చేసేదేమీ లేదు. వడగలైవారు మర్కట కిశోర న్యాయం చెబుతారు, కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకోవాలి. నిర్హేతుక కృపా, సహేతుక కృపా అని శతాబ్దాలు వాదించుకున్నారు. క్రైస్తవుల్లోనూ ఇంచుమించు ఇదే తగాదా. శిశువుకు బాప్తిస్మమిచ్చే కాథలిక్కులు, సి.ఎస్.ఐ., మెథడిస్టులు పిల్లి పక్షానికి దగ్గర. పెద్దయి తానే ఒప్పుకున్నాకే ఇవ్వాలనే బాప్టిస్టులు, పెంతెకొస్తువారు ఆ ఒక్క విషయంలో కోతి పక్షానికి కాస్త దగ్గర. పోలిక పూర్తిగా అతకదు. క్రైస్తవులకు కృప చరిత్రలో ఒక్కసారి, ఒక మనిషి మరణంలో జరిగిపోయిన పని. కృప గురించే 1517లో లూథరు మొదలుపెట్టిన తగాదాలో మూల విషయంమీద, అంటే దేవుడు మనిషిని నీతిమంతుడిగా ఎంచేది కృపవల్లనే అన్నదానిమీద, లూథరన్లూ కాథలిక్కులూ 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన చేశారు. 2006లో మెథడిస్టులూ అందులో చేరారు.

షరతు లేదంటే ఏమైనా చేయవచ్చా? ఈ ప్రశ్న పౌలు కాలంలోనే వచ్చింది, ఆయన కూడదనే చెప్పాడు. జర్మనీలో హిట్లరును ఎదిరించి 1945లో ఉరితీయబడిన బోన్‌హాఫర్ 1937లోనే దీన్ని చవక కృప అని పేరు పెట్టి తిట్టాడు. మారాలన్న ఆలోచన లేకుండా క్షమాపణ పంచిపెట్టడం అది. వాళ్ల వరుసలో కృప ముందు, మార్పు తరవాత. ఆ మార్పు కూడా వెంటనే రాదు. ప్రపంచమంతా తెలిసిన అమేజింగ్ గ్రేస్ పాట రాసిన జాన్ న్యూటన్ 1748లో దేవునివైపు తిరిగాక కూడా 1754 దాకా బానిసలను మోసే ఓడలు నడిపాడు. ఆ వ్యాపారం పాపమని ఆయన బహిరంగంగా రాసింది 1788లో, నలభై ఏళ్లకు.

మన ఊళ్లలో ఇది ప్రసంగంతో ఆగే విషయం కాదు. గనులు మూసేశాక జీతంతోపాటు ఇంట్లో తన మాట కూడా పోయిందనుకున్న మగవాళ్లున్నారు. తాగుడు, అప్పులు, విడిపోయిన కాపురాలు ఉన్నాయి. అలాంటివాళ్లు చర్చికి వెళ్లడం మానేస్తారు, బాగుపడ్డాక వెళ్దామని. వాళ్ల గ్రంథం చెప్పేది దీనికి తలకిందులు. లూకా 15లో ఆస్తి తగలేసి వచ్చిన చిన్నకొడుకు, నన్ను కూలివాడిగా పెట్టుకో అనే మాట దారిపొడవునా సిద్ధం చేసుకుని వస్తాడు. తండ్రి దూరాన్నుంచే చూసి పరుగెత్తి ముద్దుపెట్టుకుంటాడు, కూలి మాట కొడుకు నోటినుంచి రానేరాదు.

అన్నిటికంటే బరువైనది ఆత్మహత్య చేసుకున్నవాళ్ల ఇళ్ల సంగతి. అంత్యక్రియలకు చర్చి ఒప్పుకోదేమో అని కొన్ని కుటుంబాలు అడగకుండానే శవాన్ని గుట్టుగా తీసుకెళ్లడం విన్నాం. కాథలిక్కుల 1917 నాటి చట్టంలో బుద్ధిపూర్వకంగా అలా చనిపోయినవారికి చర్చి అంత్యక్రియలు నిషేధమే. 1983లో వచ్చిన కొత్త చట్టంలో ఆ నిషేధం లేదు, అలాంటివారి రక్షణ విషయంలో ఆశ వదలవద్దని, వారికోసం ప్రార్థించాలని వాళ్ల బోధగ్రంథం చెబుతుంది. ప్రొటెస్టెంటు సంఘాల్లో చాలావరకు నిర్ణయం పాస్టరుగారి చేతిలో ఉంటుంది. అలాంటి కష్టం వచ్చిన ఇంటివాళ్లు ముందే మనసు చంపుకోకుండా ఫాదరుగారినో పాస్టరుగారినో ఆ రోజే కలిసి అడగాలి. ఒక్కరే వెళ్లడానికి జంకితే పక్కింటి పెద్దమనిషిని ఒకరిని తోడు తీసుకెళ్లండి, ఆయన ఏ మతంవాడైనా సరే.