ప్రేలని బాంబు, ఆగిన గడియారము

రాయపూరు నుండి విజయనగరమునకు వేసిన రైలుమార్గము 1931లో పూర్తియై, మధ్యపరగణాలను విశాఖతో కలిపినది. ఆ రేవుపట్టణముపై రెండవ ప్రపంచయుద్ధమున, 1942 ఏప్రిల్ 6వ తేదీన, జపాను విమానములు బాంబులు వేసినవి. నాడు ప్రేలక మిగిలిన బాంబొకటి విశాఖ మ్యూజియములో కలదు.

మూడేండ్ల పిదప, 1945 ఆగస్టు 6వ తేదీ ఉదయము 8.15 గంటలకు, అమెరికా వేసిన అణుబాంబుచే జపాను నగరమగు హిరోషిమా దగ్ధమైనది. ఆ యేడాది ముగియులోగా సుమారు 1,40,000 మంది మరణించిరి. 1955లో అచట తెరచిన శాంతి స్మారక మ్యూజియమున ఆ ఘడియకు ఆగిన చేతిగడియారము, మాడిన అన్నపు డబ్బా, పసివాని మూడుచక్రముల బండి భద్రపరుపబడినవి.

విశాఖలోని బాంబును చూచినవారికి దానిని వేసినవారిపై ఆగ్రహము కలుగవచ్చును. హిరోషిమాలోని అన్నపు డబ్బాను చూచినవారికి మాత్రము, అది ఏ దేశపు బిడ్డదని అడుగుటకు నోరాడదు.